అర్థశాస్త్రం తొలి ముద్రణ మరమ్మతు నిధి: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, మన గ్రంథాలయం పాఠకులకు నమస్కారం.

ఉగాది నాడు మొదలుపెట్టిన వసూళ్ల లెక్కను ఆషాఢ పౌర్ణమికి మీ ముందు పెడతామని మాటిచ్చాం. ఆ గడువును కూడా మనం బాగు చేయించిన పుస్తకం, కౌటిల్యుడి అర్థశాస్త్రం నుంచే తీసుకున్నాం. కౌటిల్యుడు లెక్కల ఏడాదిని ఆషాఢంతో ముగించాడు. గణకులంతా ఆ పౌర్ణమికి ముద్ర వేసిన లెక్కల పుస్తకాలతో, మిగులు సొమ్ముతో హాజరు కావాలన్నాడు. వచ్చినవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకోకుండా చూడమన్నాడు. మిగులుకు ఆయన వాడిన మాట ‘నీవి’. పోకముడిగా మనమెరిగిన ఈ మాటకు లెక్కల్లో ఇంకో అర్థం ఉందని మాలో చాలామందికి ఈ పని మీదే తెలిసింది.

పుస్తకం సంగతి తెలియని కొత్త సభ్యుల కోసం కొంచెం చెప్పాలి. సంస్కృత కవి దండి దశకుమారచరితంలో విష్ణుగుప్తుడి, అంటే కౌటిల్యుడి, ఆరు వేల శ్లోకాల దండనీతి (రాజ్యపాలన శాస్త్రం) ప్రస్తావన ఉంది. అంటే ఇలాంటి గ్రంథం ఒకటి ఉండేదని పండితులకు తెలుసు, పూర్తి పాఠం మాత్రం కంటికి కనబడలేదు. తంజావూరు ప్రాంతపు పండితుడొకరు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఇచ్చిన గ్రంథలిపి (తమిళదేశంలో సంస్కృతం రాయడానికి వాడే లిపి) తాళపత్రాలను అక్కడి గ్రంథపాలకుడు ఆర్. శామశాస్త్రి గారు 1905లో చదివి, ఇదే అర్థశాస్త్రమని గుర్తించారు. 1909లో సంస్కృత మూలాన్ని అచ్చు వేయించారు. ఆయన ఇంగ్లిషు అనువాదం 1915లో పుస్తకంగా వచ్చింది. మన దగ్గరున్నది 1909 నాటి ప్రతి. ఒక సంస్కృతం మాస్టారు పోతూ పోతూ మనకు వదిలిన ఆస్తి. అంచుల్లో ఆయన పెన్సిలుతో తెలుగులో రాసుకున్న అర్థాలు, సందేహాలు ఉన్నాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ రెక్క ఊడి వాన ఈ పుస్తకమున్న బీరువా మీదే కొట్టింది. ఫ్యాన్ కింద ఆరబెట్టాం కానీ అట్ట వంగిపోయింది, బూజు పట్టింది. అంతకు ముందెప్పుడో ఎవరో చిరుగుల మీద సెల్లోటేపు అంటించారు. దాని జిగురు పసుపురంగు తిరిగి అక్షరాల్లోకి దిగింది. సముద్రం పక్కనున్న ఊళ్లో ఆ కాలపు కాగితం నిలవడమే కష్టం. పేజీ తిప్పితే మూల విరిగి చేతికొచ్చేది.

ఇక జమ. 63 మంది సభ్యులు తలా 500 చొప్పున ఇచ్చింది 31,500. ఫోన్‌పేలో వచ్చిన విడి విరాళాలు 24,650. పేరు రాయవద్దన్న ఒక అమ్మ ఇచ్చింది 10,000. చదువుకునే బల్ల మీది డబ్బాలో పడింది 3,870. పాత పత్రికలు అమ్మగా వచ్చింది 1,480. మొత్తం 71,500 రూపాయలు. డబ్బా సొమ్ము మూడు వారాలు సొరుగులోనే ఉండిపోయింది, బ్యాంకులో వేయలేదు. వచ్చిన సొమ్మును ఖజానాలో చేర్చకపోవడాన్ని కౌటిల్యుడు కోశక్షయం, అంటే ఖజానాకు నష్టం, కిందే లెక్కగట్టాడు. మాది తప్పే. ఇకమీదట ప్రతి సోమవారం జమ చేస్తాం.

ఖర్చులో పెద్ద భాగం హైదరాబాదులో కాగితం బాగు చేసే నిపుణురాలికి వెళ్లింది. 17 రోజుల పనికి రోజుకు 2,000 చొప్పున 34,000. టేపు జిగురు ఒలవడానికే ఆరు రోజులు పట్టింది. ఎందుకంత అని అడిగినవాళ్లున్నారు. ఒక్కో పేజీ కింద మెత్తటి కాగితం పరిచి, అక్షరం చెదరకుండా అంగుళం అంగుళం తీయాలి. ఆమె పక్కన కూర్చుని చూసిన ఇద్దరు సభ్యులూ ఆ మజూరీ తక్కువేనన్నారు. జపాను పల్చకాగితం, గోధుమ పిండి జిగురు వగైరా 6,850. కుట్టు, అట్ట 4,500. ఆమ్లం లేని అట్టపెట్టె 3,200. స్కానింగ్ 3,600. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరు రెండుసార్లు వెళ్లివచ్చిన టిక్కెట్లు, ఆటోలు కలిపి 4,160. భోజనాలు వాళ్లవే. బీరువాకు కొత్త అద్దాలు, తలుపుల చుట్టూ రబ్బరు 5,900. తేమ చూపే మీటరు, సిలికా జెల్ పొట్లాలు 1,350. రసీదు పుస్తకాలు 600. మొత్తం 64,160.

ఈ లెక్కలో చేర్చని 2,400 ఒకటుంది. మొదట ఊళ్లోనే ఒక బైండరుకు అడ్వాన్సు ఇచ్చాం. అంచులు సమంగా కోసేస్తే అందంగా ఉంటుందని ఆయన కటింగ్ మిషన్ దగ్గరికి తీసుకెళ్లాడు. మాస్టారి రాతలన్నీ ఆ అంచుల్లోనే ఉన్నాయి. వేళకు చూశాం కాబట్టి పుస్తకం దక్కింది, అడ్వాన్సు తిరిగి రాలేదు. మిమ్మల్ని అడగకుండా ఇచ్చింది మేం. అందుకని కమిటీలో ముగ్గురం తలా 800 వేసుకుని ఆ సొమ్ము భర్తీ చేశాం. మీ చందాలోంచి తీయలేదు.

ఇంటర్నెట్లో ఊరికే దొరికే పుస్తకానికి ఇంత డబ్బెందుకని ఒక దాత నిలదీశారు. అడగవలసిన ప్రశ్నే. తర్వాత మలయాళ దేశంలో వేరే తాళపత్రాలు దొరికాయి, 1924లో తిరువనంతపురంలో గణపతిశాస్త్రి గారు వ్యాఖ్యానంతో వేయడం మొదలుపెట్టిన ముద్రణలో పాఠం కొన్నిచోట్ల మారింది. అసలు మొదట లోకం చదివింది ఏమిటో 1909 ప్రతే చెబుతుంది. మాస్టారి రాతలైతే ఇంకెక్కడా లేవు. అమ్మితే మంచి ధర వస్తుందన్న సలహాను కమిటీ ఏకగ్రీవంగా వద్దనుకుంది.

నీవి 7,340 రూపాయలు. బ్యాంకులో 6,940, చేతిలో 400. వానాకాలంలో సిలికా జెల్ మార్చడానికి తప్ప దీన్ని ముట్టుకోం.

రసీదులు, వోచర్లు ప్రతి ఆదివారం పొద్దున 10 నుంచి 12 దాకా చదువుల గదిలో ఎవరైనా చూడవచ్చు. ఫోన్‌పేలో వచ్చిన రెండు మొత్తాలు, ఒకటి 1,000, ఇంకొకటి 500, ఎవరివో తేలలేదు. పంపినవారు ఫోన్లో ఆ చెల్లింపు చూపిస్తే 88, 89 నంబర్ల రసీదులు రాసి ఇస్తాం.

— మరమ్మతు నిధి కమిటీ, మహారాణిపేట, విశాఖపట్నం