రాకడకు తేదీలు కట్టవద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో క్రీస్తు రెండవ రాకడను గురించిన వాక్యభాగాలు చదవడం మా మందిరాల్లో ఆనవాయితీ. ఆ బోధతో నాకు పేచీ లేదు. 40 ఏళ్లుగా సంఘంలో ఉండి ‘నీ రాజ్యము వచ్చును గాక’ అని ప్రార్థిస్తున్నవాణ్ణే. అయితే కడపలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ కొందరు బోధకులు యుద్ధ వార్తలనూ భూకంపాలనూ చూపి, రాకడకు ఏడాదీ నెలా లెక్కగట్టి వాట్సాప్‌లో పంపుతున్నారు. దాని భారం ఎవరి మీద పడుతోందో చెప్పడానికే ఈ లేఖ.

మా వీధిలో 70 ఏళ్లు దాటిన ఒక అవ్వ ఉంది. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి పింఛను తెచ్చి వేలిముద్ర మిషన్ ముందు పెడితే, ఆమె కుడిచేతిని కొంగులో దాచుకుని ఎంత చెప్పినా బయటికి తీయలేదు. దేవునికి విరోధి అయిన మృగము కుడిచేతి మీదనైనా నొసటి మీదనైనా ముద్ర వేయిస్తుందని బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో ఉన్నమాట నిజమే. ఆ ముద్ర ఈ మిషనేనని ఎవరో కూడికలో చెప్పారట. రెండు నెలలు పింఛను లేక, బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంది. నేను వెళ్లి ఆ అధ్యాయం, తరువాతి అధ్యాయం చదివి, అక్కడి ముద్ర మృగానికి నమస్కారం చేసేవారిదే గాని పింఛనుదారును పోల్చుకునే వేలిముద్ర కాదని వివరించాను. అంతా విని, ‘అట్లయితే నాయనా, ఎడమచేతి వేలు పెడితే ఏం తప్పులేదు గదా?’ అని అడిగింది. ఆ నెల పింఛను ఎడమ బొటనవేలితోనే అందింది.

ఇలా తేదీలు కట్టడం కొత్త కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కొందరు పంట కోయకుండా చేలోనే వదిలేశారు. ఆ రోజు ఊరికే గడిచిపోయింది. 2011 మే 21 అని రేడియోలో చాటిన హెరాల్డ్ క్యాంపింగ్ మాటా అంతే అయింది. అసలు ఆ దినము, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి సువార్త 24వ అధ్యాయంలో క్రీస్తే చెప్పాడు. అదే అధ్యాయం చివర ఆయన ఎత్తుకున్నది ఇంటివారికి వేళకు అన్నం పెట్టే దాసుని సంగతి. యజమాని వచ్చేసరికి ఆ పనిలో ఉన్నవాడే ధన్యుడన్నాడు. థెస్సలొనీక పట్టణపు సంఘంలో కొందరు పని మాని తిరుగుతుంటే, గుడారాలు కుట్టి బతికిన అపొస్తలుడు పౌలు, పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని వారికి రాసిన రెండవ పత్రికలో, అంటే లేఖలో, చెప్పాడు. ప్రభువు దినం వచ్చేసిందన్న మాటకు కంగారుపడవద్దని చెప్పిందీ ఆ పత్రికలోనే.

మన జిల్లావాళ్లకు భవిష్యవాణి తెలియనిదేమీ కాదు. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు అప్పుడే చెప్పినాడు’ అనుకుంటూనే, తెల్లారితే చేనికి పోయినవాళ్లే మన పెద్దలు. 1876–78 నాటి ధాత కరువును చూసిన లండన్ మిషన్ వారు కూడా రాకడను నమ్మినవారే. ఆ నమ్మకంతోనే బడులు పెట్టారు, జమ్మలమడుగులో ఆసుపత్రి నడిపారు.

సంఘ కాపరులు ఈ ఆదివారాల్లో 24వ అధ్యాయం దగ్గర ఆగక, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం గురించిన 25వ అధ్యాయం చివరిదాకా చదవాలని కోరుతున్నాను. పింఛను రోజున సంఘ పెద్ద ఒకరు సచివాలయ సిబ్బంది వెంట వెళ్లి, మిషన్‌కు భయపడే ముసలివాళ్లకు నచ్చజెప్పగలిగితే మరీ మంచిది. మా వీధి వరకు నేను వెళ్తున్నాను.

– ఒక సంఘ పెద్ద, కడప