మోటారు పెట్టించాం, సెన్సర్ వద్దన్నాం

సంపాదకుల వారికి నమస్కారం.

మాది నెల్లూరు, వేదాయపాళెం. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌కి రెండేళ్ల కిందట మోటారు షట్టర్ పెట్టించుకున్నాం. పోయిన నెల ఓ సాయంత్రం పిలకాయలు క్రికెట్ ఆడుతుంటే బంతి సెల్లార్‌లోకి దొర్లింది, షట్టర్ దిగుతూనే ఉంది, ఏడేళ్ల పిల్లాడు దాని కింద దూరేశాడు. వాచ్‌మన్ కేక విని కారాయన రిమోట్ నొక్కి ఆపాడు కాబట్టి సరిపోయింది, అంచు వాడి వీపుకి జానెడు దూరంలో ఆగింది. అంతకు ముందు వేసవిలో ఒక కుక్కపిల్ల నడుం విరిగి రెండు రోజులకి చచ్చిపోయింది. ఎండలకి కుక్కలూ పిల్లులూ చల్లటి బండలు వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా ఆ గుమ్మంలోనే పడుకుంటాయి.

మా షట్టర్‌కి సెన్సర్, అంటే కింద ఎవరైనా అడ్డు ఉంటే పసిగట్టే పరికరం, లేదు. ఖర్చు ఎక్కువని వద్దన్నది మా కమిటీయే, ఆ రోజు సరేనన్న వాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే ఈ ఉత్తరం.

అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇంటి గ్యారేజీ తలుపు మోటార్లకి, అడ్డు తగిలితే తలుపు తిరిగి పైకి లేవడంతో పాటు, ఫోటో సెన్సరో (గుమ్మానికి అడ్డంగా కిరణం పంపి, అది తెగితే తలుపుని వెనక్కి లేపేది), తలుపు కింది అంచుకి తాకిడిని పసిగట్టే సెన్సరో ఉండాలని చట్టమే ఉంది. ఫోటో సెన్సర్‌ని నేల నుంచి 6 అంగుళాలకు మించి ఎత్తులో పెట్టకూడదు, పెడితే పాకే బిడ్డ ఆ కిరణం కిందుగా వెళ్లిపోతుంది. కింద పెట్టినా నేలకి అతుక్కుని పడుకున్న పిల్లిని అది పట్టుకోలేకపోవచ్చు, కాబట్టి తలుపు పూర్తిగా మూసుకునేదాకా మనిషి అక్కడే నిలబడి చూడాల్సిందే. ఆ తలుపుల్ని నెలకోసారి పరీక్షించడం కూడా తేలికే: ఒకటిన్నర అంగుళం మందం చెక్క కింద పెట్టి మూస్తే, తగిలిన 2 సెకన్లలో తలుపు వెనక్కి లేవాలి. లేవకపోతే మెకానిక్ వచ్చేదాకా మోటారు వాడొద్దు.

రిమోట్ పిల్లల చేతికి ఇవ్వకండి, దయచేసి. గోడ స్విచ్ 5 అడుగుల పైన ఉండాలి. కరెంటు పోతే చేత్తో ఎత్తే చైన్ ఎక్కడుందో మా వాచ్‌మన్‌కి మొన్నటిదాకా తెలియదు.

మాగుంట లేఅవుట్‌లో, అటు ఒంగోలులో కూడా మోటారు గేట్లున్న ఇళ్లు చూస్తున్నాను. కొత్త అపార్ట్‌మెంట్లను తనిఖీ చేసేటప్పుడు మునిసిపల్ సిబ్బంది లిఫ్టుతో పాటు ఈ షట్టర్ సెన్సర్ కూడా చూడాలని నా విన్నపం. మా దానికి సెన్సర్ వచ్చే ఆదివారం బిగిస్తామన్నారు, అప్పటిదాకా షట్టర్ పైకే ఉంచి మెయిన్ స్విచ్ ఆపేశాం.

- ఒక పాఠకుడు, వేదాయపాళెం, నెల్లూరు