ఆడపిల్లల మార్కులు – అధికారుల మెచ్చుకోలు

సంపాదకులు గారికి నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వెలువడిన మర్నాడు మీ జిల్లా పేజీలో ‘మళ్ళీ బాలికలదే పైచేయి’ అన్న వార్తనూ, దాని కింద అచ్చయిన విద్యాశాఖ అధికారి మాటలనూ చదివిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. ఆడపిల్లలకు ఓర్పూ అణకువా పుట్టుకతోనే వస్తాయనీ, చెప్పినట్టు వింటారు కాబట్టే మార్కులు తెచ్చుకుంటున్నారనీ ఆ అధికారి మెచ్చుకున్నారు. ఉద్యోగ జీవితమంతా ఈ జిల్లా ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి విరమించిన నాకు ఆ మెచ్చుకోలు మింగుడు పడలేదు.

బాలికలు ముందుండటం ఈ ఏటి ముచ్చట కాదు. 2024లో రాష్ట్రంలో బాలికల ఉత్తీర్ణత 89.17 శాతం, బాలురది 84.32 శాతం. ఆ ఏడు 96.37 శాతంతో రాష్ట్రానికే మొదటి స్థానం తెచ్చుకున్నది, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ప్రాంతాలను కలిపి 2022లో ఏర్పరచిన పార్వతీపురం మన్యం జిల్లా. 2011 జనగణన నాటికి విజయనగరం జిల్లాలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి 50 మంది లేరు. మన శ్రీకాకుళంలో 52 మంది. సంతకం చేయడం రాని తల్లుల పిల్లలు పగలూ రాత్రీ కూర్చుని చదివి సాధించినదాన్ని పుట్టుకతో వచ్చిన గుణమని తేల్చేస్తే, ఇక వాళ్ళ కష్టానికి విలువేముంది?

ఆ అణకువ ఎక్కడి నుంచి వస్తుందో అధికారులకు తెలియదని నేననుకోను. ఎచ్చెర్ల, రణస్థలం తీరపు ఊళ్ళ నుంచి మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు పోయి నెలల తరబడి తిరిగి రారు. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరితే ఇల్లు నడిపేది పెద్దకూతురు. తెల్లవారకుండా వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి, కుళాయి దగ్గర బిందెలు నింపి, అన్నం వండి, తమ్ముడికి బొత్తాలు పెట్టి, అప్పుడు తన పుస్తకాల సంచీ వెతుక్కుంటుంది. పలాస జీడిపప్పు కార్ఖానాలకు తల్లులు పనికి వెళ్ళే ఇళ్ళలోనూ ఇదే వరస. ఆ తమ్ముడు అదే వయసుకు వచ్చాక చీపురు పట్టమని ఎవరూ అనరు. 2019 జాతీయ సర్వే ప్రకారం ఇంటిపనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ తేడాకు తర్ఫీదు మొదలయ్యేది పెళ్ళి తర్వాత కాదు, రెండో తరగతిలోనే.

బడి ఆ తర్ఫీదును మాన్పించడం లేదు. భౌతికశాస్త్ర ప్రయోగాల రోజున బ్యాటరీకి తీగలు తగిలించేది మగపిల్లలు. స్కేలు పెట్టి పట్టిక గీసి, అంకెలు నింపి, బొమ్మ వేసేది ఆడపిల్లలు. రికార్డులు ఇవ్వవలసిన గడువు దగ్గర పడగానే అబ్బాయిల రికార్డుల్లో అమ్మాయిల గుండ్రటి దస్తూరీ కనిపిస్తుంది. లెక్క తప్పిన అబ్బాయిని ‘తెలివైనవాడే, అజాగ్రత్త’ అంటారు. అదే లెక్క తప్పిన అమ్మాయికి మాత్రం ‘నీకు లెక్కలెందుకమ్మా, బైపీసీ తీసుకో’ అన్న సలహా దొరుకుతుంది. 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో, ఐదేళ్ళ ఆడపిల్లలు తమవాళ్ళనూ బాగా తెలివైనవాళ్ళుగా ఎంచగా, ఆరేడేళ్ళ ఆడపిల్లలు అలా ఎంచడం తగ్గిపోయింది. బడిలో మంచి మార్కులు వచ్చేది ఆడపిల్లలకేనని ఆ వయసు ఆడపిల్లలు అంటూనే, తెలివితేటల దగ్గరికి వచ్చేసరికి తమవాళ్ళను మునుపటిలా ఎంచలేదు. దేశం వేరైనా, మన తరగతి గదుల్లో నేను చూసింది అదే.

ఇటీవల మా దగ్గరి ఒక పాఠశాలలో జరిగిన అభినందన సభనే తీసుకోండి. అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చిన అమ్మాయికి లంగా ఓణీ కట్టించి, పూల పళ్ళెం చేతికిచ్చి, అతిథులకు బొట్టు పెట్టమని గుమ్మం దగ్గర నిలబెట్టారు. రెండో స్థానంలో ఉన్న అబ్బాయి చేత మైకులో మాట్లాడించారు. ఆ పిల్ల పేరు పిలిచినప్పుడు పళ్ళెం ఎక్కడ పెట్టాలో తోచక దాన్ని పట్టుకునే వేదిక ఎక్కింది. ఇందులో తప్పేమీ అక్కడ ఎవరికీ కనిపించలేదన్నదే నా బాధ.

మహిళా దినోత్సవం వస్తే ముగ్గుల పోటీ, వంటల పోటీ తప్ప మరొకటి తోచని శాఖల నుంచి ఇంతకంటే ఏమి ఆశించగలం? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పుట్టారు. ఆమె పుట్టిన జిల్లాలోనే ఆటల పీరియడ్‌లో మగపిల్లలు మైదానంలోనూ ఆడపిల్లలు వరండాలోనూ ఉంటున్నారు. కేరళ ప్రభుత్వం 2024లో పాఠ్యపుస్తకాల్లో తండ్రి వంటింట్లో కొబ్బరి తురుముతున్న బొమ్మ వేయించింది. ఆపాటి పని మన దగ్గర చేయడానికి ఖర్చేమవుతుంది?

అసలు నష్టం జరిగేది పదో తరగతి అయ్యాక. కొడుకును అప్పు చేసైనా విశాఖ హాస్టల్లో చేర్చే తల్లిదండ్రులు, అంతకన్నా ఎక్కువ మార్కులు వచ్చిన కూతురిని దగ్గరి కాలేజీలో ఏ గ్రూపు ఉంటే దానిలో చేర్చి ఊరుకుంటారు. చిన్ననాటి నుంచి ఎదురు చెప్పకపోవడమే మంచితనమని నేర్పిన పిల్ల, నాకు ఎంపీసీ కావాలని ఆ రోజు ఎలా అడుగుతుంది? ఇంజినీరింగులో అమ్మాయిలు మరీ తక్కువగా ఉన్నారని ఐఐటీలు 2018 నుంచి వారికి అదనపు సీట్లు కల్పించవలసి వచ్చింది. బాల్యవివాహాలను నిషేధించే చట్టం 2007 నుంచి అమల్లో ఉన్నా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20–24 ఏళ్ళ వయసు ఆంధ్ర మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని తేలింది. 2025 ఆగస్టు 15 నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కావడం మంచిదే, కానీ సాయంత్రం కాలేజీ వదిలే వేళకు ఊరికి బస్సే లేకపోతే ఇంట్లో మొదట చదువు మాన్పించేది ఆడపిల్లనే.

కనుక జిల్లా విద్యాశాఖ ఉత్తీర్ణత శాతంతో చేతులు దులుపుకోకుండా, పాసైన బాలికల్లో ఎందరు ఇంటర్‌లో చేరారో, ఏ గ్రూపుల్లో చేరారో, ఎందరు ఏ కళాశాలకూ వెళ్ళలేదో మండలాల వారీగా ఆగస్టులోగా ప్రకటించాలి. ప్రయోగశాలలో ప్రతి విద్యార్థినీ తన చేత్తో ప్రయోగం చేసిందో లేదో తనిఖీకి వచ్చే అధికారులు చూడాలి. మీ విలేకరులు కూడా ఫలితాల రోజు మిఠాయిలు తినిపించుకునే ఫొటోలతో సరిపెట్టకుండా, కళాశాలల ప్రవేశాలు ముగిశాక ఆ జాబితా కోసం విద్యాశాఖ కార్యాలయానికి వెళ్ళి అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం