ఇడ్లీ ధర గురించి

ప్రియమైన మిత్రమా,

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసంతా నీ హోటల్ దగ్గరే ఉంది. అద్దె పెరిగింది, మినపగుళ్ళు మండిపోతున్నాయి, ఒకటో తారీఖు నుంచి ఇడ్లీ ప్లేటు 45 చేసేస్తానన్నావు. తొందరపడకు. సంక్రాంతికి మీ ఇంటికి వచ్చినప్పుడు నీ పద్దుల పుస్తకంలోంచి నాలుగు అంకెలు రాసుకున్నాను కదా, రాత్రి నిద్ర పట్టక వాటితోనే కూర్చున్నాను.

ప్లేటు 30 రూపాయలున్నప్పుడు రోజుకు సుమారు 200 ప్లేట్లు పోయేవి. పోయిన ఏడాది 35 చేసిన రెండు నెలల్లో 170కి పడ్డాయి. గల్లాపెట్టెలో 6,000 పడేచోట 5,950 పడ్డాయి. జనమూ తగ్గారు, డబ్బూ తగ్గిందని కంగారుపడి మళ్ళీ 30కి దించేశావు. నేను పక్కన ఉంటే ఆపేవాణ్ణి. పప్పు, రవ్వ, చట్నీ, గ్యాసు అన్నీ కలిపి ప్లేటుకు 14 రూపాయలు పడుతుందని అప్పట్లో చెల్లెమ్మ లెక్క కట్టింది. ఆ 30 ప్లేట్లు వండనందువల్ల 420 రూపాయలు ఖర్చు కాకుండా మిగిలాయి. పెట్టెలో తగ్గింది 50. అంటే రోజుకు 370 రూపాయలు లాభం పెరిగిన కాలాన్ని నువ్వు నష్టకాలం అనుకున్నావు!

పెట్టె చూసి ధర నిర్ణయించడం ఖర్చే లేని సరుకుకు సరిపోతుంది. ధరకూ అమ్మకానికీ ఉన్న సంబంధాన్ని 1838లోనే గణిత రూపంలో పెట్టిన ఫ్రెంచి పండితుడు కూర్నో, మొదట తీసుకున్న ఉదాహరణ ఔషధ గుణాలున్న నీటి ఊట. ఊట యజమానికి నీరు ఊరికే వస్తుంది, కాబట్టి ఎక్కువ డబ్బు పడిన ధరే అతనికి మంచి ధర. నీకు మినపగుళ్ళు ఊరికే రావు కదా.

ఇప్పుడు మనం తొమ్మిదో తరగతిలో గీసిన సరళరేఖ గుర్తు చేసుకో. 5 రూపాయలు పెరిగితే 30 ప్లేట్లు తగ్గాయి, అంటే రూపాయికి 6 ప్లేట్లు. దాన్ని ఇలా రాయవచ్చు:

అమ్మకం = 380 − 6 × ధర

ధర చోట 30 పెట్టి చూడు, 200 వస్తుంది. 35 పెడితే 170. ఆ 6 అన్నది నీ వీధికి, నీ ఇడ్లీకి సంబంధించిన అంకె. అన్ని సరుకులకూ అది ఒకేలా ఉండదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా దాదాపు 200 రూపాయలకు చేరినప్పుడు కూడా పప్పులోకి, పులుసులోకి రెండు కాయలైనా కొన్నవాళ్ళు ఎందరో. నీ ఇడ్లీకైతే ఎదురుగానే పెసరట్టు బండి ఉంది.

మినపగుళ్ళ ధరతో ఇప్పుడు ప్లేటు ఖర్చు 16 అయిందన్నావు. కాబట్టి,

లాభం = (ధర − 16) × (380 − 6 × ధర)

ఇది వర్గ సమాసం. గ్రాఫు గీస్తే బోర్లించిన మూకుడులా ఉంటుంది. ధర 16 అయితే లాభం సున్నా. సుమారు 63 దగ్గర కొనేవాడే ఉండడు, మళ్ళీ సున్నా. మూకుడు నడినెత్తి ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో, దాదాపు 40 దగ్గర ఉంటుంది. ఖర్చు 14 ఉన్నప్పుడు అదే మధ్య బిందువు 39 దగ్గర ఉండేది. చూశావా? ఖర్చు రెండు రూపాయలు పెరిగితే మేలైన ధర పెరిగింది ఒక్క రూపాయే. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఇక అద్దె. నువ్వు పది ప్లేట్లు అమ్మినా రెండు వందలు అమ్మినా అద్దె అంతే. అది మూకుడు మొత్తాన్నీ కిందికి దించుతుంది గాని, నడినెత్తిని పక్కకు జరపదు. అద్దె బాధ నిజమే, నీ రాత్రుళ్ళు నాకు తెలుసు. కానీ ఆ బాధను ఇడ్లీ ధర మీద వేస్తే తీరదు. లెక్క వేసి చూశాను: 30కి రోజుకు 2,800 మిగులుతుంది, 35కి 3,230, 40కి 3,360. నువ్వు అంటున్న 45కి 3,190. 35 మీద ఇంకో పది రూపాయలు పెంచి, రోజుకు ఇంకో అరవై ప్లేట్లు పోగొట్టుకుని, 35కి మిగిలేదాని కన్నా తక్కువ మిగుల్చుకుంటావా?

నా మాట వింటే 35 చాలు. 30 నుంచి 40కి వెళితే వచ్చే 560లో 430 ఇక్కడే దొరికిపోతోంది. నడినెత్తి దగ్గర మూకుడు చదునుగా ఉంటుంది కదా, చివరి 130 కోసం ఇంకో 30 ప్లేట్లు వదులుకోవాలి. ఆ ప్లేట్లు ఎవరివో నీకు తెలుసు. చీకటితోనే వచ్చి బోణీ చేసే హమాలీలవీ, ఆటోవాళ్ళవీ. పైగా 35 దాటాక మన దగ్గర ఉన్నది ఊహే, పుస్తకంలో ఒక్క రోజు అంకె కూడా లేదు. 63 దగ్గర అందరూ ఆగిపోతారన్నది కూడా గీతను పొడిగించి అన్న మాటే.

ఒక అనుమానం మాత్రం నన్ను వదలడం లేదు. నువ్వు 35 చేసింది ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు కాలేజీకి సెలవులు. తగ్గిన 30 ప్లేట్లలో ధర వల్ల పోయినవెన్ని, పిల్లలు ఊళ్ళకు వెళ్ళడం వల్ల పోయినవెన్ని? సగం సెలవుల వల్లే అయితే ఆ 6 కాస్తా 3 అవుతుంది, మొత్తం లెక్క మారిపోతుంది. అందుకే ఇప్పుడు కాలేజీ నడుస్తుండగా ఒకటో తారీఖు నుంచి 35 పెట్టి చూడు. రోజూ ప్లేట్లు ఎన్నో రాయి. వాన పడినా, పెసరట్టు బండి రాకపోయినా పక్కన ఒక ముక్క రాయి. నెలాఖరుకు ఆ పేజీల ఫొటోలు పంపు, కూర్చుని మళ్ళీ గీత గీస్తాను.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. గ్యాసు సిలిండరు ఎన్ని రోజులు వస్తోందో తననే ఈసారి సరిగ్గా చూడమను, 16లో నాకు నమ్మకం లేని భాగం అదే.

నీ
మిత్రుడు