లింఫ్ కదలాలంటే మనం కదలాలి

సంపాదకులకు,

ఫిజియోథెరపిస్టుగా రోజూ చూస్తున్నది రాస్తున్నాను. ముఖం మెరవాలని లింఫ్ మసాజ్ పరికరాలు కొంటారు, పొద్దున్నుంచి కుర్చీలోంచి మాత్రం లేవరు. లింఫ్ అంటే ఒంట్లోని కణాల మధ్య నుంచి తిరిగి రక్తంలో కలిసే పలచని ద్రవం. రక్తానికి గుండె ఉన్నట్టు లింఫ్‌కు విడిగా పంపు లేదు. నాళాల సంకోచం, కండరాల కదలిక, శ్వాస కలిసి దాన్ని మెడ కింది సిరల్లోకి చేరుస్తాయి. సాయంత్రానికి సాక్సు అచ్చు పడిన కాలు చూపిస్తే, కూర్చున్నచోటే మడమలు ఆనించి మునివేళ్లు ఎత్తిస్తాను, తర్వాత మడమలు లేపిస్తాను. పిక్క బిగిసి వదలడం చేత్తో తాకి చూడమంటాను. మధ్యమధ్యలో అలా చేసి, లేచి నాలుగడుగులు వేస్తే చాలామందికి కాళ్ల బరువు తగ్గుతుంది.

మసాజ్‌తో ముఖం ఉబ్బు కాసేపు తగ్గొచ్చు. విషాలు పోతాయన్న మాట నమ్మకండి, ఆ పని కాలేయం, మూత్రపిండాలది.

నా అసలు బాధ వేరు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినవాళ్లు చెయ్యి వాచినా నెలల తరబడి ఎవరికీ చెప్పరు. పొడిబారిన చర్మంలో చిన్న పగులు చాలు, వాళ్లకు ఇన్ఫెక్షన్ రావడానికి. రోజూ మాయిశ్చరైజర్ రాసుకోవాలి, వాపు మొదట్లోనే చూపించుకోవాలి. ఇక ఎవరికైనా సరే, ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పెడితే వ్యాయామాలతో కాలయాపన చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీ ఆరోగ్యం పేజీలో వీటికి చోటివ్వండి.

— ఒక ఫిజియోథెరపిస్టు