పదిహేను శాతం మీద పదిహేను శాతం

సంపాదకునికి,

ఇంటి పన్ను ఏటా కొత్తగా పెంచుతున్నారని విశాఖలో చాలామంది అనుకుంటారు. మారింది ఒక్కసారే, వడ్డిస్తున్నది వాయిదాల్లో. 2021 ఏప్రిల్ నుంచి పన్నుకు ఆధారంగా అద్దె విలువ పోయి, రిజిస్ట్రేషన్ ధరలను బట్టి లెక్కగట్టే మూలధన విలువ (అంటే ఆస్తి విలువ) వచ్చింది. ఏడాదికి 15 శాతానికి మించి పెంచరాదన్నది పరిమితి. పాత పన్ను 1,500, కొత్త లెక్కలో 3,000 అనుకోండి: 1,725, 1,984, 2,281, 2,624... అయిదో ఏటికి గానీ 3,000 చేరదు. ఆ 15 శాతం నిరుటి పన్ను మీద, మొదటి పన్ను మీద కాదు, కిటుకంతా అక్కడే. (ఒకేసారి వేస్తే ఓటరు ఊరుకుంటాడా?)

జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ) డిమాండ్ నోటీసులో ముందు విస్తీర్ణం, వాడకం చూసుకోండి. పన్ను నివాసానికి మూలధన విలువలో గరిష్ఠం 0.50 శాతం, నివాసేతరానికి 2 శాతం. ఎప్పుడో మూసేసిన కొట్టు ఇంకా కొట్టుగానే నమోదై ఉంటే తేడా అక్కడే.

— ఒక పన్ను సలహాదారు, విశాఖపట్నం