ఒకే పేజీలో ఉన్నంత మాత్రాన

మర్రిపాలెం,
విశాఖపట్నం.

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లండు పెళ్లిళ్ల ఇండెక్స్ పేజీ ఫోటో నిన్న రాత్రి ఫోన్లో పెద్దది చేసుకుని చూశాను. అల్లుడి ముత్తాత పెళ్లి దొరికిందని తెగ సంబరపడిపోయావు. అదే పేజీ నంబరుతో ఉన్న మేరీ అనే పేరు చుట్టూ ఎర్రగీత కూడా గీశావు. అక్కడే కాస్త ఆగు తల్లీ.

ఆ లైన్లో ఉన్నది ఎంత? 1908, జూన్ క్వార్టర్, ఇంటిపేరు, పేరు, షెఫీల్డ్, వాల్యూమ్ 9సి, పేజీ నంబరు. అంతే. వాల్యూమ్, పేజీ అనే మాటలు చూడగానే డాక్యుమెంట్ రైటర్‌గా బతికిన నాకు ప్రాణం లేచొచ్చిందనుకో. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోనూ అదే పద్ధతి. ఇండెక్స్ ఒకటిలో మనుషుల పేర్లు, రెండులో ఆస్తులు. అందులో చూసి వాల్యూమ్ తీయాలి, వాల్యూమ్ తీసి దస్తావేజు చదవాలి. ఇండెక్స్ దగ్గరే ఆగిపోతే కొంప మునుగుతుంది.

నేనూ ఒకసారి ముంచాను. 1998లో కంప్యూటర్లు రాకముందు మాట. ఒక కుర్రాడి కోసం ఇండెక్స్ తిరగేశాను. అమ్మినవాడి పేరు కుర్రాడి తండ్రిదే, అప్పలనాయుడు, ఇంటిపేరు అదే, ఊరూ అదే. అమ్మినవాడి తండ్రి పేరు దగ్గర సిరా చెదిరిపోయి ‘స’ ఒక్కటే కనబడుతోంది. అది కుర్రాడి తాత సన్యాసే అయ్యుంటాడనుకుని, ‘మీ నాన్న ఆ భూమి చెక్క ఎప్పుడో అమ్మేశాడు బాబూ’ అనేశాను. ఆ రాత్రి వాళ్లింట్లో తండ్రీకొడుకులు కొట్టుకున్నంత పనయింది. తీరా నకలు తీయిస్తే అమ్మినవాడు సత్తెయ్య కొడుకు, వీళ్ల దాయాది! సింహాద్రి అప్పన్న పుణ్యమా అని మనవైపు ఊరికి పదిమంది అప్పలనాయుళ్లు ఉంటారని తెలిసి కూడా నోరు జారాను. ఆ పెద్దాయన తర్వాత నాతో మాట్లాడలేదు.

ఇంక మీ ఇంగ్లండు ఇండెక్స్ సంగతి. పెళ్లికొడుకుని ఆయన ఇంటిపేరు కింద, పెళ్లికూతుర్ని ఆవిడ పుట్టింటి పేరు కింద విడివిడిగా రాశారు. ఎవరి పక్కన ఎవరన్నది 1911 చివరిదాకా వేయలేదు. 1912 నుంచి మాత్రం పక్కనే జోడీ ఇంటిపేరు కూడా వేశారు. ముత్తాతగారు ఇంకో నాలుగేళ్లు ఆగి పెళ్లాడి ఉంటే నీకు ఈ తిప్పలు తప్పేవి! ఆ కాలంలో ఒక్కో పేజీకి మామూలుగా రెండు పెళ్లిళ్లు. అంటే ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. మేరీతో పాటు అదే పేజీ నంబరు మీద ఆలిస్ అని ఇంకొకావిడ ఉంది, చూశావా? ఆవిడ చుట్టూ గీత ఎందుకు గీయలేదు మరి?

ఇద్దరిలో ఎవరో తేల్చాలంటే 1911 జనాభా లెక్కలు చూడు. ఆ ఏడాది పెళ్లయి ఎన్నేళ్లయిందని, ఎంతమంది పిల్లలని కూడా అడిగి రాసుకున్నారు. భార్య పేరు అక్కడ తేలిపోతుంది. అక్కడ మేరీ అనే తేలినా, ఈ మేరీయేనా అన్నది చూడాలిగా, పిల్లల జననాల ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి పేరు దొరుకుతుంది. దాంతో సరిచూసుకో.

ఇంకో మాట. జూన్ క్వార్టర్ అంటే జూన్లో పెళ్లని కాదు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎప్పుడైనా కావచ్చు. షెఫీల్డ్ అన్నది కూడా పెళ్లి రిజిస్టరైన చోటే, ఆయన సొంతూరు అనుకోకు. మన లాగే అక్కడా ఎక్కువగా ఆడపెళ్లివారి ఊళ్లోనే చేసేవారట. పైగా షెఫీల్డ్ నగరంలోనే కొంత భాగం ఎక్‌లసాల్ బియర్లో అనే వేరే రిజిస్ట్రేషన్ డిస్ట్రిక్ట్ కింద ఉండేది.

అన్నీ కుదిరాక సర్టిఫికెట్ తెప్పించు. వయసు, వృత్తి, అడ్రసు, ఇద్దరి తండ్రుల పేర్లు, వాళ్ల పనులు, సాక్షుల పేర్లు అన్నీ అందులోనే. తల్లుల పేర్లు మాత్రం వెతక్కు. అక్కడి వాళ్లు తల్లి పేరు వేయడం మొదలుపెట్టింది 2021 మేలో! అది విని మీ అమ్మ ‘కన్నది మాత్రం మేము’ అని వంటింట్లోంచి అరిచింది.

మనవైపు ఇలాంటి ఇండెక్స్ ఉందా అని అడిగావు. మన రాష్ట్రంలో పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిందే 2002లో. నానమ్మ ట్రంకుపెట్టెలో వాళ్ల శుభలేఖ దొరికింది. అంచుల పసుపు ఇంకా అంటుకునే ఉంది. సంవత్సరం దగ్గర అంకెల్లేవు, ‘శుభకృత్ నామ సంవత్సర’ అని మాత్రం ఉంది. అది 1902లోనూ వచ్చింది, 1962లోనూ వచ్చింది. 1963లో నేను పుట్టాను కాబట్టి సరిపోయింది గానీ, నీ మునిమనవలు దాన్ని చూసి ఏమనుకుంటారో! అందుకే వెనకాల పెన్సిల్‌తో 1962 అని రాసి ఉంచాను.

సర్టిఫికెట్ వచ్చాక పెళ్లికూతురి తండ్రి పేరున్న గడి ఫోటో తీసి పంపు. చేతిరాత అర్థం కాకపోతే నేను చదివి పెడతాను. అల్లుడికి ఈలోగా మేరీ సంగతి చెప్పకు.

మీ నాన్న